కొత్త ఇల్లు, పాత కల: 'ది డ్రీమ్ మెషీన్' అనే ఆట కథ

ట్రాన్స్‌ఫర్ అయ్యాక కొత్త క్వార్టర్‌లో మొదటి రాత్రి ఎలా ఉంటుందో ఈ పత్రిక చదివేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. లారీ సామాను దించి వెళ్లిపోతుంది. మంచాలు ఇంకా బిగించి ఉండవు. హాల్లో అట్టపెట్టెల మధ్య పరుపు వేసుకుని పడుకుంటాం. అర్ధరాత్రి మెలకువ వస్తే, పాత ఇంట్లో తలుపు ఉన్న వైపుకే నడిచి గోడకు తల కొట్టుకుంటాం. తెల్లారాక చూసుకుంటే నుదుటి మీద బొప్పి. మాలో ముగ్గురికి ఈ అనుభవం ఉంది.

మేము ఆరుగురం తొమ్మిదో తరగతి చదువుతున్నాం. ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటాం, బడిలో ఆ ఊరి భాష ఏదైతే అది నేర్చుకుంటాం. అందరం కలిపి లెక్కేస్తే ఇప్పటికి 23 ఇళ్లలో ఉన్నాం. కంప్యూటర్ క్లబ్‌లో మా సార్ "మీకు నచ్చిన ఒక ఆట ఎలా పనిచేస్తుందో అందరికీ అర్థమయ్యేలా వివరించండి" అన్నప్పుడు, కొత్త ఇంట్లో మొదలై కలల్లోకి వెళ్లే ఒక ఆటను ఎంచుకున్నాం. దాని పేరు 'ది డ్రీమ్ మెషీన్'. అంటే కలల యంత్రం.

ఆట ఎవరిది, కథ ఏమిటి?

ఈ ఆటను స్వీడన్ దేశంలో ఆండర్స్ గుస్టాఫ్‌సన్, ఎరిక్ జారింగ్ అనే ఇద్దరు తయారుచేశారు. తమ చిన్న సంస్థకు 'కాక్రోచ్ ఇంక్' అని పేరు పెట్టుకున్నారు. మొత్తం ఆరు అధ్యాయాలు. మొదటివి 2010లో వచ్చాయి, చివరిది 2017లో వచ్చింది. మేము రెండో తరగతిలో చేరి ఎనిమిది పూర్తిచేసేంత కాలమన్నమాట. 2011లో స్వతంత్ర ఆటల పోటీ అయిన ఐజీఎఫ్‌లో దృశ్యకళ విభాగంలో తుది జాబితాకు చేరింది.

కథలో విక్టర్, అలీసియా అనే యువదంపతులు ఒక పాత భవనంలోని వాటాలోకి అప్పుడే దిగుతారు. అలీసియాకు బిడ్డ పుట్టబోతోంది. ఇంటినిండా విప్పని అట్టపెట్టెలు. మంచి రోజులు వస్తాయని ఇద్దరికీ ఆశ. అయితే ఆ ఇంటి గోడలో దాచిన ఒక కెమెరా విక్టర్ కంట పడుతుంది. అద్దెకున్నవాళ్లను ఎవరో రహస్యంగా చూస్తున్నారు! ఆ దారి పట్టుకుని వెళ్తే భవనంలో ఒక విచిత్ర యంత్రం ఉందని తెలుస్తుంది. దాని ద్వారా ఒకరి కలలోకి మరొకరు వెళ్లవచ్చు. విక్టర్ ఇరుగుపొరుగువారి కలల్లోకి దిగి అక్కడి చిక్కుముడులు విప్పాలి.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ ఆటలో భయం కలిగించే దృశ్యాలు, పెద్దవాళ్లకు సంబంధించిన విషయాలు ఉన్నాయి. అందుకని మేము సార్‌ను పక్కన కూర్చోబెట్టుకుని మొదటి అధ్యాయం మాత్రమే ఆడాం. మీరూ ఇంట్లో పెద్దవాళ్లను అడగకుండా మొదలుపెట్టవద్దు.

చూపించు, నొక్కు

ఇలాంటి ఆటలను 'పాయింట్ అండ్ క్లిక్' సాహస ఆటలు అంటారు. తెర మీద ఒక గది బొమ్మ ఉంటుంది. మౌస్ బాణాన్ని ఒక వస్తువు వైపు చూపించి నొక్కాలి. అంతే. ఇందులో పరుగులు, కాల్పులు, గడియారంతో పోటీ ఉండవు. మీరు ఆలోచిస్తూ పది నిమిషాలు ఊరికే కూర్చున్నా ఆట మీకోసం ఆగుతుంది.

ఈ ఆటల తాతకు బొమ్మలే లేవు. 1970లలో అమెరికాలో విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్‌కు గుహల్లో తిరగడం ఇష్టం. కెంటకీ రాష్ట్రంలోని నిజమైన గుహల ఆధారంగా, తన కూతుళ్ల కోసం ఒక ఆట రాశాడు. తెర మీద అంతా అక్షరాలే. "ఉత్తరానికి వెళ్లు", "దీపం తీసుకో" అన్నట్టు ఆడేవాళ్లు టైపు చేయాలి. 1977లో డాన్ వుడ్స్ అనే ఇంకొకరు దాన్ని పెంచారు. అదే 'కొలాసల్ కేవ్ అడ్వెంచర్'. సాహస ఆటలు అన్న పేరు ఆ 'అడ్వెంచర్' నుంచే వచ్చింది. 1980లో రాబర్టా విలియమ్స్, కెన్ విలియమ్స్ దంపతులు 'మిస్టరీ హౌస్' అనే ఆటలో గీతల బొమ్మలు చేర్చారు.

కానీ టైపు చేయడంలో ఒక ఇబ్బంది ఉంది. మీరు "పెట్టె" అంటే కంప్యూటర్ "డబ్బా" అనాలంటుంది. సరైన మాట తోచక ఆట ఆగిపోతుంది. కొత్త రాష్ట్రంలో కొట్టుకు వెళ్లి కొత్తిమీరను అక్కడి భాషలో ఏమంటారో తెలియక నిలబడిపోయినట్టే. అప్పుడు మనమేం చేస్తాం? వేలితో చూపిస్తాం! ఆటలూ అదే పని చేశాయి. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968లోనే మౌస్‌ను ప్రజల ముందు ప్రదర్శించాడు. 1980లలో అది ఇళ్లలోని కంప్యూటర్లకు చేరింది. 1987లో రాన్ గిల్బర్ట్, గ్యారీ విన్నిక్ రూపొందించిన 'మేనియాక్ మాన్షన్'లో తెర అడుగున తెరువు, మూయి, తీసుకో, ఇవ్వు, తోయి, లాగు వంటి క్రియలు వరుసగా ఉండేవి. క్రియను నొక్కి, తర్వాత వస్తువును నొక్కాలి. 1993లో రాండ్ మిల్లర్, రాబిన్ మిల్లర్ అనే అన్నదమ్ముల 'మిస్ట్' ఆ క్రియలను కూడా తీసేసింది. చూడటం, నొక్కడం మాత్రమే మిగిలాయి.

బొమ్మ వెనక ఏముంది?

మొదట మేము ప్రతి గదీ చాలా కష్టమైన ప్రోగ్రామ్ అనుకున్నాం. సార్ బోర్డు మీద గీసి చూపించాక తెలిసింది, ముఖ్యమైనవి మూడే.

ఒకటి, నొక్కుడు చోట్లు. గది మొత్తం ఒకే బొమ్మ. దాని మీద కొన్ని చోట్ల కనపడని చతురస్రాలు పరిచి ఉంటాయి. బీరువా మీద ఒకటి, కిటికీ మీద ఒకటి. మౌస్ ఆ చతురస్రంలో నొక్కితే దానికి రాసిపెట్టిన పని జరుగుతుంది. మిగిలిన చోట నొక్కితే ఏమీ కాదు.

రెండు, సంచి. దొరికిన వస్తువులు అందులో పడతాయి. సంచిలోంచి ఒకటి తీసి గదిలోని ఇంకొకదాని మీద వాడాలి. ఏది దేనితో కలుస్తుందో కనిపెట్టడమే ఆటలో సగం.

మూడు, గుర్తులు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. "తాళంచెవి దొరికిందా? తలుపు తెరుచుకుందా? పక్కింటాయనతో మాట్లాడామా?" ఇలాంటి ప్రశ్నలకు కంప్యూటర్ అవును లేదా కాదు అని రాసి దాచుకుంటుంది. మీరు తలుపు నొక్కినప్పుడు ముందు ఆ జాబితా చూస్తుంది. తాళంచెవి 'అవును' అయితేనే తలుపు తీస్తుంది. ఆట 'సేవ్' చేయడమంటే ఆ జాబితాను, మీరున్న గది పేరును, సంచిలోని వస్తువులను దాచడమే. అందుకే గంటలసేపు ఆడిన ఆట చాలా చిన్న ఫైల్‌లో పట్టేస్తుంది.

కల ఎందుకు?

కలలో ఏదైనా జరగవచ్చు కదా, మరి అందులో చిక్కుప్రశ్నలు ఎలా పెడతారు? ఈ సందేహం మాకు మొదటిరోజే వచ్చింది. ఏదైనా జరిగే చోట ఊహించి లాభం లేదు. దీనికి జవాబు మా ఇళ్లలో చాలాసార్లు చూసిన సినిమాలోనే దొరికింది. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో అంతా మాయే. కానీ సత్యపీఠం ఎక్కినవాడి నోట నిజమే వస్తుంది. శకుని ఎక్కినా సరే, నిజం కక్కాల్సిందే. ఆ నియమం తప్పదు, అందుకే మనకు నవ్వొస్తుంది. కలల ఆటలోనూ అంతే. లోకం ఎంత వింతగా ఉన్నా, ఆ లోకం తన నియమాన్ని తాను తప్పకూడదు. ఆడేవాడు గమనిస్తే తెలుసుకోగలగాలి.

కలల గురించి శాస్త్రవేత్తలు కనుక్కున్నవి కూడా ఇక్కడ పనికొస్తాయి. 1953లో అమెరికాలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ నిద్రలో ఒక ప్రత్యేక దశను గుర్తించి ప్రకటించారు. అప్పుడు మూసిన రెప్పల కింద కనుగుడ్లు వేగంగా కదులుతాయి. స్పష్టమైన కలలు ఎక్కువగా ఆ దశలోనే వస్తాయి. రాత్రంతా సుమారు 90 నిమిషాలకొకసారి అది తిరిగి వస్తుంది, తెల్లవారుజామున ఎక్కువసేపు ఉంటుంది. ఆ సమయంలో మన కండరాలు సడలిపోతాయి కాబట్టి కలలో పరుగెత్తినా మంచం మీదే ఉంటాం.

ఇంకో సంగతి మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. రాబర్ట్ స్టిక్‌గోల్డ్ బృందం కొందరిచేత 'టెట్రిస్' ఆడించి, నిద్రలోకి జారుతున్నప్పుడు ఏం కనిపిస్తోందో అడిగింది. చాలామంది, పడుతున్న టెట్రిస్ ముక్కలు కనిపించాయన్నారు. వాళ్లలో జ్ఞాపకశక్తి దెబ్బతిని, ఆట ఆడిన సంగతే గుర్తులేనివాళ్లు కూడా ఉన్నారు. ఈ ఫలితాలు 2000లో అచ్చయ్యాయి. మనం మరిచామనుకున్నది కూడా నిద్రలో పైకి రావచ్చన్నమాట. గోడకు తల కొట్టుకున్న మా ముగ్గురికీ ఇది చదివాక కాస్త ధైర్యం వచ్చింది. తప్పు మాది కాదు, పాత ఇల్లు ఇంకా లోపల ఉంది.

అట్ట, మట్టి, బ్రోకలీ

'ది డ్రీమ్ మెషీన్' తెర మీద చూస్తే ఏదో తేడాగా ఉంటుంది. గోడల మీద వేలిముద్రలున్నట్టు, అంచులు కత్తెరతో కోసినట్టు కనిపిస్తాయి. నిజంగానే కోశారు! ఆ గదులను కంప్యూటర్‌లో గీయలేదు. అట్టముక్కలతో, బంకమట్టితో చిన్న చిన్న గదులు కట్టి, దీపాలు పెట్టి, ఫోటోలు తీశారు. చెట్ల కోసం అడవికి పోనక్కర్లేదు. తాము వాడిన సామగ్రిలో బ్రోకలీ కూడా ఉందని వాళ్లే చెప్పుకున్నారు.

ఇది విని మాకు సంక్రాంతి బొమ్మల కొలువు గుర్తొచ్చింది. మెట్ల పక్కన చిన్న ఊరు కట్టి, పొలం కోసం పళ్లెంలో ఆవాలు మొలకెత్తిస్తాం కదా. ఆవ మొలకలు పొలమైతే బ్రోకలీ చెట్టు ఎందుకు కాకూడదు?

మట్టిబొమ్మ నడవాలంటే 'స్టాప్ మోషన్' పద్ధతి వాడతారు. బొమ్మను కొంచెం జరిపి ఒక ఫోటో, మళ్లీ కొంచెం జరిపి ఇంకో ఫోటో. సినిమాలో సెకనుకు 24 చిత్రాలు నడుస్తాయి. ఒక్కో ఫోటోను రెండుసార్లు వాడినా సెకనుకు 12 కావాలి. పది సెకన్ల నడకకు 120 సార్లు బొమ్మను కదపాలి. ఇద్దరు మనుషుల ఆటకు అన్నేళ్లు ఎందుకు పట్టిందో అప్పుడు మాకు బోధపడింది.

మా ఆరు గదులు

అట్టపెట్టెలకు మా ఇళ్లలో కొదవ లేదు. ఎప్పుడు బదిలీ వస్తుందో తెలియక అమ్మావాళ్లు వాటిని మడిచి అటక మీదో మంచాల కిందో దాస్తారు. "ఒక్కొక్కటి ఇవ్వండి, చింపం" అని బతిమాలి ఆరు తెచ్చాం. ఒక్కొక్కరం మేము ఉండి వచ్చిన ఒక గదిని కట్టాలని అనుకున్నాం. లేహ్‌లో ఒక వంటిల్లు, జోధ్‌పూర్‌లో కూలర్ ఉన్న గది, షిల్లాంగ్‌లో రేకుల కప్పు వరండా, ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్, పోర్ట్ బ్లెయిర్‌లో కిటికీ, విశాఖపట్నంలో బాల్కనీ. టేబుల్ లైటు వెలుగులో సార్ ఫోన్‌తో ఫోటోలు తీసి, 'స్క్రాచ్' అనే ఉచిత ప్రోగ్రామ్‌లో వాటిని కలిపాం. ఒక ఇంటి తలుపు తీస్తే ఇంకో ఊరి ఇల్లు వస్తుంది. కలలో అలాగే కదా జరుగుతుంది!

ఒక చిక్కుప్రశ్న మాకు బాగా కుదిరింది. కొత్త ఇంటి తాళంచెవి లేహ్ వంటింటి బకెట్‌లో గడ్డకట్టి ఉంటుంది. ఎంత నొక్కినా రాదు. ఆ మంచుగడ్డను సంచిలో వేసుకుని జోధ్‌పూర్ గదికి పట్టుకెళ్లాలి. కూలర్ ఆపితే మంచు కరిగి చెవి నేల మీద పడుతుంది. వింత లోకమే, కానీ మంచు ఎండకు కరుగుతుందన్న నియమం మాత్రం తప్పలేదు.

ఆ తర్వాత ఒక పొరపాటు జరిగింది. ఖరగ్‌పూర్ గది కట్టిన అబ్బాయి, మా బృందంలోని ఒక అమ్మాయి అక్కడ పక్కపక్క క్వార్టర్లలో ఉండేవారు. తన ఇంటికన్నా వాళ్లిల్లే బాగా గుర్తుందని అతను ఆ అమ్మాయి వాళ్ల గదినే కట్టాడు. చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకున్నాడు. గదిలో ఒక నవారు మంచం. నొక్కితే "ఈ మంచం ఖాళీగా ఉంది" అని వస్తుంది. ఆ అమ్మాయి నొక్కి చూసి, మౌస్ వదిలి, ఏమీ అనకుండా బయటికి వెళ్లిపోయింది. అది వాళ్ల నాయనమ్మ మంచం. ఆవిడ ఆ ఇంట్లోనే పోయారు.

అతనికి నోట మాట రాలేదు. మాకూ రాలేదు. 'ది డ్రీమ్ మెషీన్' దేని గురించో అప్పుడు తెలిసింది. అడగకుండా పరాయి ఇంట్లోకి, పరాయి కలలోకి చూడవచ్చా అన్నదే ఆ ఆట అడిగే ప్రశ్న. గోడలో కెమెరా పెట్టినవాడిది తప్పని చూడగానే అంటాం. మరి మంచి ఉద్దేశంతో, ఇష్టంతో చూసినవాడు? ఇది ఆటలో విక్టర్‌కూ వచ్చే చిక్కే. ఇతరులను కాపాడటానికే వెళ్తున్నా, అతను వెళ్తున్నది వాళ్ల కలల్లోకి.

ఆ గది తీసేద్దామని అందరం అనుకున్నాం. రెండు రోజుల తర్వాత ఆ అమ్మాయే వచ్చి "మంచం ఉండనివ్వండి, మాట మాత్రం నేను రాస్తాను" అంది. అతను "సారీ" అన్నాడు. "నవారు అల్లిక కూడా తప్పు, నాయనమ్మది ఇలా ఉండేది" అని దారం తీసుకుని తనే మళ్లీ అల్లింది. ఇప్పుడు ఆ మంచం నొక్కితే ఇలా వస్తుంది: "ఇది మా నాయనమ్మ మంచం. చెప్పులు విడిచి కూర్చోండి." దానితో తాళంచెవీ రాదు, తలుపూ తెరుచుకోదు. అయినా మా ఆట ఆడిన పిల్లలు అక్కడే ఎక్కువసేపు ఆగారు.

అప్పటినుంచి మేము ఒక నియమం పెట్టుకున్నాం. ఎవరి గది వాళ్లే కట్టాలి. ఇంకొకరి ఇల్లు కావాలంటే ముందు అడగాలి. వద్దంటే ఎందుకని అడగకూడదు.

మీరూ చేయవచ్చు

కావలసినవి ఒక అట్టపెట్టె, కత్తెర, జిగురు, ఒక టేబుల్ లైటు, ఫోటో తీయడానికి ఇంట్లో ఒక ఫోన్. గదికి ఒక వైపు గోడ లేకుండా కట్టండి, అటునుంచే ఫోటో తీయాలి. లైటు ఒకే పక్క పెడితే నీడలు పడి గది నిజంలా కనిపిస్తుంది. ఫోన్ కదలకుండా పుస్తకాల దొంతర మీద ఆనించండి. స్క్రాచ్‌లో ఫోటోను వెనక బొమ్మగా పెట్టి, నొక్కాల్సిన వస్తువులను వేరే స్ప్రైట్లుగా చేయండి. గుర్తుల కోసం వేరియబుల్స్ వాడండి. తాళంచెవి లేనప్పుడు 0, దొరికితే 1. ముందు కాగితం మీద గదుల పటం గీసుకోండి, లేకపోతే మాలాగే రెండు తలుపులు ఒకే గదిలోకి తెరుచుకుని గంటసేపు తికమకపడతారు. పూర్తయ్యాక, మీరు చెప్పకుండా ఇంకొకరిచేత ఆడించి చూడండి. వాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో అక్కడ మీ సూచన చాలలేదని అర్థం.

కొత్త ఊరికి అలవాటుపడటం కూడా ఇంచుమించు ఇలాంటిదేనని మాకు అనిపించింది. మొదటిరోజు అన్ని తలుపులూ మూసి ఉంటాయి. నీళ్లు ఎప్పుడొస్తాయో, స్కూల్ బస్సు ఎక్కడ ఆగుతుందో తెలియదు. ఒక్కొక్కటి చూసుకుంటూ, పక్కింటివాళ్లను అడుగుతూ పోతే ఒక్కో గుర్తు 0 నుంచి 1కి మారుతుంది. తొందరేమీ లేదు. అడిగి చూడాలి, దొంగచాటుగా కాదు.

పరీక్షలయ్యాక మాలో ఇద్దరికి ట్రాన్స్‌ఫర్ ఉంది. అట్టపెట్టెలు తిరిగి ఇచ్చేయమని ఇంట్లో అప్పుడే అడుగుతున్నారు. గిన్నెలు సర్దాలట. ఫోటోలు ఉన్నాయి కాబట్టి గదులు ఎక్కడికీ పోవు. ఆట ఫైల్ ఆరుగురి పెన్‌డ్రైవ్‌లలోనూ ఉంది. విశాఖ బాల్కనీ చివర ఒక తలుపును మాత్రం ఏ గదికీ కలపకుండా ఉంచాం. ఆ ఇద్దరూ వెళ్లేచోట ఏ గది దొరుకుతుందో చూసి, దాన్ని కట్టి పంపిస్తామన్నారు.